పాటల పెట్టె: విడిపోయిన బ్యాండు మళ్లీ కలిసిందట, వెళ్లాలా?

(పాఠకుల సంగీత ప్రశ్నలకు జవాబులు. రాసేవారు గుంటూరు లక్ష్మీపురంలో ఉండే ఓ ఫిజిక్స్ లెక్చరర్.)

అమెరికా రాక్ బ్యాండు గన్స్ ఎన్ రోజెస్ కచేరీ చూడ్డానికి ముంబై వెళ్లొచ్చానని ఆ మధ్య ఇదే పేజీలో రెండు ముక్కలు రాశాను. అప్పట్నుంచీ వస్తున్న ఉత్తరాల్లో సగం దాని గురించే. మిగతా సగం 'ఈ వయసులో మీకిదేం పోయేకాలం' అని. రెండు రకాలకూ ఇక్కడ చోటుంది.

ప్రశ్న: మేడమ్, నాకు 54 ఏళ్లు, బ్యాంకులో పని చేస్తున్నాను. లయోలా కాలేజీ రోజుల నుంచీ గన్స్ ఎన్ రోజెస్ అంటే పిచ్చి. 2025 మేలో వాళ్లు ముంబై వస్తున్నారని తెలిసి టికెట్ తీసుకోబోతే ఇంట్లో నవ్వారు. అప్పట్లో అమెరికాలో వాళ్ల కచేరీ చూసిన మా కజిన్ 'ఆ గొంతు ఇప్పుడు లేదు, డబ్బు దండగ' అన్నాడు. ఆగిపోయాను. మీరు వెళ్లొచ్చారని చదివాక మనసు మనసులో లేదు. నేను పోగొట్టుకున్నది ఎంత? ఇంకోసారి ఇలాంటి అవకాశం వస్తే ఈ వయసులో వెళ్లొచ్చా?
— కె.వి.ఆర్., పటమట, విజయవాడ

జవాబు: బ్యాంకు వారు కదా, ఎంత అని అడిగారు. లెక్క చూద్దాం.

ముందు మీ కజిన్ మాట. ఆయన అబద్ధం చెప్పలేదు. ముంబైలో పాడేనాటికి వాళ్ల గాయకుడు యాక్సెల్ రోజ్‌కి 63 ఏళ్లు. మనం విన్న 1987 నాటి గొంతు పాతికేళ్ల కుర్రాడిది. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా గొంతు సన్నబడింది. రెండు మూడు చోట్ల జనం అరుపులే ఆయన్ని దాటించాయి. కింది స్థాయిలో మాత్రం ఇంకా నిండుగానే ఉంది. ఇంతవరకూ మీ కజిన్‌కి మార్కులు వేస్తాను.

అయితే ఆ తూకం ఆయనకు పనికొస్తుంది గానీ మీకూ నాకూ పనికిరాదు. ఆయన అప్పుడు చూశారు, ఇప్పటిదాన్ని దాంతో పోల్చుకుంటారు. మనం అప్పుడు ఎక్కడున్నాం? నేను అరండల్‌పేటలో ఒక రికార్డింగ్ సెంటర్ ముందు నిలబడి ఉన్నాను. ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య మద్రాసు నుంచి తెచ్చిన, ఆ బ్యాండు మొదటి ఆల్బమ్ 'ఎపటైట్ ఫర్ డిస్ట్రక్షన్' క్యాసెట్‌ని ఓ ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకోవడానికి. అది 60 నిమిషాల క్యాసెట్, వైపుకు 30. ఆల్బమ్‌లో మొదటి వైపు దాదాపు 27 నిమిషాలే. మిగిలిన టేపు వృథా చేయడం ఆ షాపాయనకు ఇష్టం లేక ఒక ఇళయరాజా పాట ఎక్కించాడు. పల్లవి అయ్యి, చరణం సగంలో ఉండగా టేపు టక్కున ఆగిపోయేది. నాకు తెలిసిన గన్స్ ఎన్ రోజెస్ అదీ. ఆ తర్వాత మా వీధికి కేబుల్ వచ్చింది, స్టార్ వాళ్ల డిష్‌లో ఎంటీవీ వచ్చింది. చర్చి బయట ఎర్రమట్టి బయల్లో టోపీ పెట్టుకుని గిటారు వాయిస్తున్న స్లాష్‌ని 1992లో పక్కింటి టీవీలో చూశాను. మా నాన్న వచ్చి 'ఎవరమ్మా ఆ జుట్టాయన' అని అడిగి వెళ్లిపోయారు.

మనం ఇక్కడ టేపు అరగదీస్తుండగానే అక్కడ బ్యాండు విడిపోయింది. 1990లో డ్రమ్మర్ స్టీవెన్ అడ్లర్‌ని తీసేశారు. 1991లో గిటారిస్టు ఇజ్జీ స్ట్రాడ్లిన్ వెళ్లిపోయాడు. 1996లో స్లాష్, 1997లో బేస్ గిటారు వాయించే డఫ్ మెక్‌కేగన్. యాక్సెల్ ఒక్కడే పేరు పట్టుకుని మిగిలాడు. 2012 డిసెంబరులో బెంగళూరు, ముంబై, గుర్‌గావ్ వచ్చింది ఆ పేరే. స్లాష్ లేడు, డఫ్ లేడు. నేను వెళ్లలేదు, దానికి ఈ రోజుకీ చింత లేదు. అదే ఏడాది స్లాష్‌తో మళ్లీ కలుస్తారా అని ఎవరో అడిగితే యాక్సెల్ 'ఈ జన్మలో కాదు' అన్నాడు. నాలుగేళ్లకు యాక్సెల్, స్లాష్, డఫ్ ముగ్గురూ కలిసి, పర్యటనకు ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు. 2016 ఏప్రిల్ 1న లాస్ ఏంజిలిస్‌లో ఒక చిన్న క్లబ్బులో మొదలెట్టారు. ఆ రాత్రే యాక్సెల్ పాదం విరిగింది. తర్వాతి కచేరీల్లో ఇంకో బ్యాండు ఆయన, డేవ్ గ్రోల్, అరువిచ్చిన సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. 2019 దాకా సాగిన ఆ పర్యటన వసూళ్లు 58 కోట్ల డాలర్లు దాటాయి. అంత డబ్బు కళ్ల ముందుంటే 'ఈ జన్మలో కాదు' అన్న మాట ఎవరైనా వెనక్కి తీసుకుంటారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. మా ఆడపడుచుల్ని కలపడానికి అందులో వెయ్యో వంతు ఇస్తామన్నా నేను పూచీ.

అమెరికా వాళ్లకు అది విడిపోయినవాళ్లు మళ్లీ కలవడం. గుంటూరులో టేపు విన్న నాకు ఆ మనుషుల్ని మొదటిసారి చూడ్డం. ముప్ఫై ఏళ్లకు పైగా టేపులో ఉన్నవాళ్లు మనుషులుగా కనిపిస్తే, గొంతు ఒక మెట్టు తగ్గిందన్న ఫిర్యాదు నాకు నోట్లోంచి రాదు. మీ కజిన్ మాట విని ఆగిపోయినప్పుడు మీరు ఆయన జ్ఞాపకాలతో మీ టికెట్ వెల కట్టారు. అక్కడే లెక్క తేడా పడింది.

ఇక వెళ్లడం సంగతి. టికెట్ ధర విని మా ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. కచేరీ మే 17, శనివారం. ఆ పై వారమే ఎంసెట్. ఎంసెట్ ముందు ఫిజిక్స్ లెక్చరర్ ఊళ్లో లేకపోవడం గుంటూరులో మామూలు విషయం కాదు. ప్రిన్సిపాల్ గారికి 'ముంబైలో ఫంక్షన్' అని చెప్పాను, ఎవరిదని ఆయన అడగలేదు. దానికి తోడు ఆ నెల మొదట్లో సరిహద్దు దగ్గర పరిస్థితి చూసి ఐపీఎల్ ఆపేశారు. కచేరీ ఉంటుందో లేదో అని టెన్షన్. చివరికి ఐపీఎల్ మళ్లీ మొదలైంది కూడా మే 17నే. విజయవాడలో కోణార్క్ ఎక్కాను. దాదర్‌లో దిగి వెస్టర్న్ లైన్‌లో స్లో లోకల్ పట్టుకుంటే ప్రభాదేవి, లోయర్ పరేల్, ఆ తర్వాత మహాలక్ష్మి. కచేరీ జరిగే రేస్‌కోర్సు అక్కడికి దగ్గరే. పుణెలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు దాదర్‌లో కలిశాడు. వాడికి ఈ బ్యాండు మీద ప్రేమేం లేదు, నేను తప్పిపోతానని భయం.

లోపలికి వెళ్లగానే 'అత్తా, ఇక్కడ అందరికంటే నువ్వే పెద్దదానివేమో' అన్నాడు. చుట్టూ చూశాను. కానే కాదు. బట్టతల మీద ఎర్ర రుమాలు కట్టినవాళ్లు, మోకాలికి బెల్టు వేసుకున్న ఒకాయన, చుడీదార్ మీద నల్ల టీ షర్టు తొడుక్కున్న ఒకావిడ. ఆవిడా నేనూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం, అంతకు మించి మాటలేం అక్కర్లేకపోయింది.

నేను గొంతు కోసం వెళ్లలేదు. స్లాష్ సోలో మొదలెట్టినప్పుడు యాక్సెల్ ఏం చేస్తాడో చూడాలని వెళ్లాను. దాదాపు ఇరవై ఏళ్లు మొహమొహాలు చూసుకోని ఇద్దరు ఒకే వేదిక మీద ఎలా నడుస్తారు? యాక్సెల్ పక్కకు తప్పుకున్నాడు. మైకు దించేసి, వెలుగంతా ఆయనకు వదిలేసి చీకటి వైపు వెళ్లి నిలబడ్డాడు. సోలో అయ్యాక తిరిగొచ్చి తన చోట నిలబడ్డాడు. చేతులు కలుపుకోవడాలు, భుజాలు తట్టుకోవడాలు నేను చూసినంతలో పెద్దగా లేవు. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇద్దరికీ తెలుసు. టేపులో ఇది వినిపించదు, వీడియోలో ఎవరో ఒకరి మొహమే చూపిస్తారు. అంత దూరం నుంచి రెండు చిన్న ఆకారాలుగా చూస్తేనే తెలుస్తుంది.

యాక్సెల్ పియానో ముందు కూర్చుని 'నవంబర్ రెయిన్' మొదలెట్టినప్పుడు నా ముందున్న పొడుగు కుర్రాడు వెనక్కి తిరిగి నన్నొకసారి చూసి, ఏమీ అనకుండా పక్కకు జరిగి చోటిచ్చాడు. ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. చిట్టచివరి పాట 'పారడైజ్ సిటీ'. నా క్యాసెట్‌లో మొదటి వైపు చివరి పాటా అదే. అది అయిపోయి, జనం కేకలేస్తుంటే, నా చెవి ఇళయరాజా కోసం కాచుకుని ఉంది. మేనల్లుడికి చెబితే అర్థం కాలేదు. మీకు అవుతుందని రాస్తున్నాను.

వయసు సంగతి అడిగారు. గేటు దగ్గర మొదలుపెట్టి బయటికి వచ్చేదాకా అయిదారు గంటలు కాళ్ల మీద ఉంటారు. మోకాళ్లు మాట వినకపోతే కుర్చీలున్న టికెట్ తీసుకోండి, అందులో పరువు తక్కువేం లేదు. పాత బూట్లు వేసుకోండి. షుగరు ఉంటే మాత్ర, ఏదైనా తిండి వేళ ముందే చూసుకోండి. పాటల మధ్యలో బాత్రూమ్ క్యూలోకి వెళితే రెండు పాటలు పోయినట్టే. ఆడవాళ్లకైతే మూడు. ఇంకో మాట: నవ్వినవాళ్లను వెంట తీసుకెళ్లకండి. వాళ్లకు నచ్చుతోందా లేదా అని వాళ్ల మొహాలు చూడ్డంతోనే మీ సగం కచేరీ అయిపోతుంది.

మీరు పోగొట్టుకున్నది ఎంత అంటారా? ఆ పాతికేళ్ల గొంతు మీ దగ్గరే ఉంది, క్యాసెట్‌లో. పోయింది యాక్సెల్, స్లాష్, డఫ్ ముగ్గురినీ ఒక్కచోట చూసే సాయంత్రం. అది చిన్న నష్టమని చెప్పి మిమ్మల్ని ఓదార్చలేను.

ప్రశ్న: మేడమ్, ముంబై వచ్చినవాళ్లలో పాతవాళ్లు యాక్సెల్, స్లాష్, డఫ్ ముగ్గురే కదా? అసలు అయిదుగురు. మరి దాన్ని రీయూనియన్ అనొచ్చా? ఎంతమంది ఉంటే అసలు బ్యాండు కింద లెక్క?
— డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మంచి ప్రశ్న అమ్మాయీ. తలలు లెక్కపెట్టడం నా పద్ధతి కాదు. గొడవపడ్డ ఇద్దరూ వేదిక మీద ఉన్నారా అని చూస్తాను. ఉంటే నాకు చాలు. అడ్లర్ 2016లో కొన్ని కచేరీల్లో వచ్చి కొన్ని పాటలు వాయించి వెళ్లాడు. ఇజ్జీ రానే లేదు. ఆ బ్యాండు పాటల్లో మంచివి చాలా ఇజ్జీ చెయ్యి పడ్డవే, కాబట్టి ఆ లోటు నిజమే. అయినా జనం ఎదురుచూసింది యాక్సెల్, స్లాష్ మధ్య మూసుకుపోయిన తలుపు కోసం.

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు బ్యాండు చూడు. అందులో రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మోర్ కోర్టు దాకా వెళ్లినవాళ్లు. 2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో లైవ్ 8 కచేరీకి బ్యాండులోని నలుగురూ కలిసి వాయించారు. అంతకు ముందు నలుగురూ కలిసి కనిపించింది 1981లో. నాలుగైదు పాటలు, అంతే. 2008లో కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ చనిపోయాడు, ఇక ఆ నలుగురూ కలవడమన్న మాటే లేదు. అందుకే ఇలాంటివి వాయిదా వేసుకోవద్దంటాను.

ఇంకో ఇంగ్లండు బ్యాండు లెడ్ జెప్లిన్‌ది వేరే కథ. అక్కడ గొడవ లేదు, మరణం ఉంది. డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980లో పోగానే ఆయన లేకుండా మేం లేమని బ్యాండు ఆపేశారు. 2007 డిసెంబరు 10న లండన్‌లో ఒక్క రాత్రికి కలిశారు. డ్రమ్స్ మీద బోనమ్ కొడుకు జేసన్. టికెట్లకు లాటరీ పెడితే 2 కోట్ల దరఖాస్తులు వచ్చాయని చెప్పారు. ఆ హాలులో పట్టేది ఇరవై వేల మంది. ఆ తర్వాత పర్యటన చేద్దామంటే గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఒప్పుకోలేదు. ఆయన మీద చాలామందికి కోపం. నాకు గౌరవం.

ప్రశ్న: అమ్మా, త్యాగరాజ ఆరాధనలు జరిగే ఊళ్లో, ఘంటసాల పేరుతో సంగీత కళాశాల ఉన్న ఊళ్లో ఈ గోల గురించి రాయడం మీకు తగునా? ఇది సంగీతమేనా?
— ఓ సంగీతాభిమాని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అయ్యా, మీ పేటలోనే నివాసం ఉండి, మీరన్న కళాశాలకే ప్రిన్సిపాల్‌గా చేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టినప్పుడు 'ఇది రాగమేనా' అని అడిగినవాళ్లు తక్కువేం కాదు. పెద్ద రగడే జరిగింది. నేను రెండూ వింటాను. ఆరాధనకు వస్తాను, ముందు వరసలో చోటుంచండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఇంటి కింది వాటా మునిగింది. రాక్ క్యాసెట్లు రెండు అట్టపెట్టెల నిండా ఉండేవి. బురద పట్టి ఎండిపోయాయి. పారేయడానికి మనసొప్పడం లేదు. బాగుచేసుకోవచ్చా?
— అజిత్ సింగ్ నగర్, విజయవాడ

జవాబు: ముందు వాటిని రెండు కుప్పలు చేయండి. షాపులో కొన్నవి ఒక కుప్ప, ఇంట్లో రికార్డు చేసుకున్నవి ఒక కుప్ప. కొన్నవాటి మీద శ్రమ పెట్టొద్దు. ఆ ఆల్బములు ఫోన్లో వినొచ్చు. కావాలంటే అట్టలు దాచుకోండి, మా ఇంట్లోనూ అట్టలున్నాయి. రెండో కుప్పలో మీ నాన్నగారి మాటలో, పిల్లల పద్యాలో, మీరు కాలేజీలో వాయించిన గిటారో ఉంటే వాటికే మీ ఓపిక.

వాటిని ప్లేయర్లో మాత్రం పెట్టొద్దు. ఎండిన బురద టేపు మీది అయస్కాంత పూతను గీకేస్తుంది, ప్లేయర్ హెడ్డూ పాడవుతుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి, టేపు చుట్టలు రెండూ కదలకుండా బయటికి తీయండి. అతుక్కుపోతే లాగొద్దు. మంచినీళ్లలో, డిస్టిల్డ్ వాటర్ అయితే ఇంకా మంచిది, బురద వదిలేదాకా ఉంచండి. నీడలో, ఫ్యాను కింద ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్ వద్దు. వేడికి టేపు వంకర్లు పోతుంది. ఆరాక ఒక కొత్త ఖాళీ క్యాసెట్ డొప్పలోకి మార్చండి. పాత డొప్పలోని చిన్న స్పాంజి ముక్క ఎలాగూ కుళ్లిపోయి ఉంటుంది. ఒక్కసారి ప్లే చేయండి, ఆ ఒక్కసారే కంప్యూటర్‌లోకి ఎక్కించేయండి. రెండోసారి వినిపిస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. మనసుకు దగ్గరైన టేపుతో మొదలుపెట్టకండి. పోయినా పర్లేదనుకున్నదాని మీద చెయ్యి తిప్పుకోండి.

ప్రశ్న: మేడమ్, నాది లేత్ వర్కు. బ్లాక్ సబ్బాత్ బ్యాండు చివరి కచేరీని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి చూశాను. గాయకుడు ఓజీ ఆస్బోర్న్ కుర్చీలోంచి లేవలేకపోయాడు. చూస్తుంటే బాధేసింది. అలాంటి స్థితిలో మనిషిని వేదిక ఎక్కించడం న్యాయమేనా?
— ఆటోనగర్, విజయవాడ

జవాబు: మీరు లేత్ పని అన్నారు కాబట్టి ముందు ఆ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ గురించి చెప్పాలి. బ్యాండులోని నలుగురూ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీల మధ్య పుట్టినవాళ్లు, మన ఆటోనగర్ మోత అక్కడ ఊరంతా. 1965లో పదిహేడేళ్ల అయోమీ ఒక రేకుల ఫ్యాక్టరీలో చివరి రోజు డ్యూటీలో ఉన్నాడు. మెషీన్ కింద పడి కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది ఆ కుడిచెయ్యే. ఇక గిటారు అయిపోయిందనుకున్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు వచ్చి గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించి, ఇతను ఎడమచేతి మీద రెండు వేళ్లతోనే ఇలా వాయిస్తున్నాడని చెప్పాడట. అయోమీ ఒక ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు ముక్క అంటించాడు. సొంతంగా జాబ్ కట్టుకునే మీకు ఇది నేను వివరించక్కర్లేదు. ఆ వేళ్లకు బిగుతు తీగలు నొప్పి. తర్వాత్తర్వాత శ్రుతి దించి తీగలు వదులు చేసుకున్నాడు. ఆ లోతైన బరువైన మోత అలా పెరిగింది. హెవీ మెటల్ అని మనం అనేదానికి ఆ వేళ్లూ ఒక కారణం.

ఇప్పుడు మీ ప్రశ్న. 2025 జూలై 5న ఆ కచేరీ బర్మింగ్‌హామ్‌లోనే, విల్లా పార్కు మైదానంలో, వాళ్లు పెరిగిన ఆస్టన్ పేటలోనే జరిగింది. ఓజీ, అయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్ నలుగురూ కలిసి వాయించి అప్పటికి ఇరవై ఏళ్లు. ఓజీకి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉందని 2020లోనే బయటికి చెప్పారు. వసూళ్లు పార్కిన్సన్స్ సంస్థకు, పిల్లల ఆసుపత్రికి, తీవ్రమైన జబ్బున్న పిల్లల్ని చూసుకునే హాస్పిస్‌కి అని ముందే ప్రకటించారు. ఆయన్ని ఎవరో ఎక్కించారని నేననుకోను. సొంత పేట మైదానంలో, పాత జట్టుతో చివరిసారి పాడాలనుకున్నది ఆయనే. జూలై 22న కన్నుమూశాడు, 76 ఏళ్లకు. కచేరీకీ దానికీ మధ్య పదిహేడు రోజులే. కుర్చీలో కూర్చుని పాడటం మీకు బాధగా కనిపించింది, కానీ ఇంట్లో కుర్చీలో కూర్చుని పాడకుండా ఉండటం ఆయనకు ఎలా ఉండేదో ఆలోచించండి.

ప్రశ్న: కచేరీలో ఎక్కడ నిలబడితే బాగా వినపడుతుంది? చెవులు పాడవుతాయంటున్నారు, నిజమేనా? పాత బ్యాండ్ల పాటలు ఇప్పుడు రికార్డు కంటే కింది శ్రుతిలో ఎందుకు వినిపిస్తాయి?
— తెనాలి

జవాబు: ఇది నా సబ్జెక్టు, కాబట్టి బెల్లు కొట్టకముందే ఆపుతాను. మైదానం మధ్యలో సౌండ్ ఇంజనీరు కూర్చునే మిక్సింగ్ డెస్క్ ఉంటుంది. ఆయన వింటున్నదాన్ని బట్టే శబ్దం సరిచేస్తాడు. దాని ముందో పక్కనో నిలబడితే ఆయన విన్నదే మీరూ వింటారు. వేదికకు అతుక్కుని నిలబడితే మనుషులు కనిపిస్తారు, పాట ముద్దగా ఉంటుంది. శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లే పోతుంది. వంద మీటర్ల వెనకున్నవాళ్లకు అది పావు సెకను పైన ఆలస్యం. అందుకే మధ్యలో స్తంభాలకు వేరే స్పీకర్లు కట్టి, వాటిలో శబ్దాన్ని ఆ మేరకు ఆలస్యం చేసి వదులుతారు.

చెవుల సంగతి నిజమే. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర లెక్క వేసుకోండి, పావుగంట వస్తుంది. రాక్ కచేరీలు 100 దాటడం మామూలే. మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను. మా మేనల్లుడు నవ్వి పెట్టుకోలేదు, మర్నాడు వాడికి ఫోన్లో ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

శ్రుతి దించేది గొంతు కోసం. మన కర్ణాటక విద్వాంసులూ వయసు మీద పడ్డాక అరమెట్టు దించుకుని పాడతారు, ఎవరూ తప్పు పట్టరు. అన్నట్టు గన్స్ ఎన్ రోజెస్ గిటార్లు మొదటి ఆల్బమ్ నాటి నుంచే అరమెట్టు దించినవి. వాళ్లకు ఆ సదుపాయం అప్పుడే అయిపోయింది పాపం.

ప్రశ్న: అమ్మా, మాది పెళ్లిళ్లకు వాయించే బ్యాండు మేళం. నాన్న పెట్టింది. నేను క్లారినెట్, తమ్ముడు ట్రంపెట్. డబ్బు దగ్గర మాటా మాటా వచ్చి తమ్ముడు వేరే మేళం పెట్టుకున్నాడు. ఏళ్లుగా మాటల్లేవు. ఒయాసిస్ అనే బ్యాండులో అన్నదమ్ములు కలిశారని మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. వాళ్లెలా కలిశారు? మేం కలవొచ్చా?
— కొత్తపేట, గుంటూరు

జవాబు: నోయెల్, లియామ్ గాలగర్. మాంచెస్టర్ వాళ్లు. 2009 ఆగస్టు 28న పారిస్‌లో కచేరీకి ముందు తెర వెనక కొట్లాడుకున్నారు, గిటారు విరిగింది, అన్న నోయెల్ ఆ రాత్రే బ్యాండు వదిలేశాడు. పదిహేనేళ్ల తర్వాత, 2024 ఆగస్టు 27న మళ్లీ కలుస్తున్నామని ప్రకటించారు. 2025 జూలై 4న కార్డిఫ్‌లో మొదటి కచేరీ. ఆ మధ్యలో ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మనకు తెలీదు. అంత పెద్ద పర్యటన కాగితాల మీద సంతకాలు లేకుండా మొదలవదని మాత్రం చెప్పగలను. టికెట్లు అమ్మేటప్పుడు 150 పౌండ్ల దాకా ఉన్నది గిరాకీ చూసి 350 దాటించారని అభిమానులు తిట్టిపోశారు. వచ్చినవాళ్లు పాటలకు మాత్రం గొంతు కలిపారు.

మీరు డబ్బు దగ్గరే విడిపోయారు కాబట్టి కలవడం కూడా డబ్బు దగ్గరే మొదలుపెట్టండి. 'నాన్న పేరు నిలబెడదాం' అని ఏడుస్తూ వెళితే ఆ రాత్రి కలుస్తారు, మొదటి పెళ్లి ఆర్డరుకే మళ్లీ విడిపోతారు. ఆర్డరు పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి, అడ్వాన్సు ఎవరు తీసుకోవాలి, డ్రమ్ములు, యూనిఫాంలు, వ్యాను ఎవరి పేరున, కుర్రాళ్ల కూలీ పోగా మిగిలింది ఎలా పంచుకోవాలి, నాన్న పేరున్న బోర్డు ఎవరి షాపుకి, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి ముందు మీ మేనమామ చేత పంపండి. మేనమామ లేకపోతే ఇద్దరికీ బాకీ ఉన్న పెద్దమనిషి ఎవరైనా పర్లేదు. మాఘం ముహూర్తాలకు బేరాలు ముందే కుదురుతాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు. మొదట ఒక్క పెళ్లి ఒప్పుకోండి, మీ ఊళ్లో కాదు, పొన్నూరులోనో చిలకలూరిపేటలోనో. క్లారినెట్ ఎక్కడ ఆగాలో, ట్రంపెట్ ఎక్కడ అందుకోవాలో రిహార్సల్ లేకుండానే తెలుస్తుందేమో చూడండి. తెలిస్తే రెండో ఆర్డరుకి నాకు కబురు పెట్టండి. ఆ జీతాల లెక్కలో తేడా వస్తే కూడా పెట్టండి, కూడికలు నేను చూస్తాను.